రాజుగారి నవ్వు, తిర్సా యవల చేను

అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదులే, ఎక్కడో దూరాన హెబ్రీయుల దేశంలో, తిర్సా అని ఒక ముసలావిడ ఉండేది. కాళ్ళు ఆడించకుండా విను. రాళ్ళకొండల నడుమ ఆ ఊరంతటికీ ఒకటే ఊట. మడమతో మట్టి తొక్కి కాలువ గట్టుకి మడవ తీస్తే నీళ్ళు ఒక చేనికి, మట్టి ఎగదోసి మూస్తే ఇంకో చేనికి పోతాయి. ఆ వంతులు చూడ్డం తిర్సా పని.

రాజుగారి కొలువులో పండితులుండేవారు. వాళ్ళకి వేరే పనేం లేదు. రాజుగారి నవ్వంటే వానమబ్బేనని రాసి రోజూ చదివేవారు. ఆ మహానుభావుడు అది నిజమే అనుకున్నాడు! "ఊరికి వాన నేనే కదా, ఇంక ఊటెందుకు? నీళ్ళన్నీ నా దానిమ్మ తోటకి తిప్పండి" అన్నాడు. భటులు ఊరి మడవలన్నీ రాళ్ళతో మూసేశారు.

అప్పుడు యవల చేను వాడిపోసాగింది. ఊరికి ఏడాది రొట్టె అదే. తిర్సా వెళ్ళి మొరపెట్టుకుంది. రాజు వచ్చి, గట్టు మీద నిలబడి, చేనుకేసి పళ్ళన్నీ కనబడేలా నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మళ్ళీ మొరపెట్టుకుంది. ఈసారి ఇంకాసేపు నవ్వాడు. వెన్నులు ఎండిపోతున్నాయి. తిర్సాకి ఒళ్ళు మండిపోయింది.

"దేవుడా, చేనికి నీళ్ళు తిప్పడం నాకొచ్చు. ఈయన మనసు తిప్పడం నీ పని. ఎప్పుడు చేస్తావయ్యా?" అని ఆకాశాన్నే కసిరింది.

మూడోసారి రాజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు. నవ్వీ నవ్వీ నోరెండిపోయింది. "అవ్వా, దాహం" అన్నాడు.

తిర్సా ఖాళీ కుండ తెచ్చి ముందు పెట్టింది. "నవ్వండి రాజా, నిండుతుంది."

నవ్వాడే తల్లీ! నిజంగానే నవ్వాడు, ఏం చెప్పను! తర్వాత కుండలోకి వంగి చూశాడు. దుమ్ము. మళ్ళీ నవ్వాడు. దుమ్మే. అప్పుడు తలెత్తి చేను చూశాడు. సిగ్గుతో ముఖం కందిపోయింది.

చెప్పులు విడిచి, మడవలోకి దిగి, తన చేతులతోనే ఒక రాయి లాగేశాడు. నీళ్ళు తన్నుకొచ్చాయి.

పండితులు పరుగున వచ్చారు. "ప్రభూ, తమ పాదమే నది అని రాయమంటారా?"

తిర్సా నెత్తి కొట్టుకుంది.

రాజు బురదలోంచే అరిచాడు. "ఏమీ రాయకండి! ముందు దిగి రాళ్ళు తియ్యండి!"

నీళ్ళు చేనికి, కథ కంచికి, నువ్వు నిద్దరకి.