మూడు రాత్రుల తగ్గింపు

"మూడు రాత్రులే ఎందుకమ్మా?" అని అడిగాడు ధనుంజయ.

కొండ కింద జీడిమామిడి తోటలో నాలుగు గదులు వేసుకుని ఉంటారు యశోదమ్మగారు. చుట్టుపక్కలవాళ్ళు దాన్ని ఆశ్రమం అంటారు గానీ ఆవిడ నోట ఆ మాట ఎవరూ వినలేదు. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక అక్కడ స్థిరపడ్డారు. మనసు బాగాలేనివాళ్ళూ, బాగుండాలనుకునేవాళ్ళూ వస్తే ఉండనిస్తారు. పొద్దున, సాయంత్రం మౌనంగా కూర్చోవడం, మధ్యలో తోటపని. నియమాలు పెద్దగా లేవు. వచ్చినవాళ్ళు మాత్రం కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఆ ఒక్క విషయంలో ఆవిడ ఎవరికీ మినహాయింపు ఇవ్వరు.

ధనుంజయ విశాఖపట్నంలో మందుల కంపెనీ మేనేజరు. ఆవిడ దగ్గర చదువుకున్నవాడు, ఆవిడంటే గురి ఉన్నవాడు. నిన్న వచ్చాడు, ఇవాళ సాయంత్రానికే వెళ్ళిపోతానంటున్నాడు.

"మనసు కుదిరేవాడికి ఒక్క పూట చాలదా అమ్మా? కుదరనివాడు నెల్లాళ్ళు కూర్చున్నా అంతే కదా. నియమం ఉంది కాబట్టి కూర్చున్నాననుకోండి, అందులో నా ఇష్టం ఏముంది? ఇష్టం లేనిచోట మంచి ఎలా పుడుతుంది?"

యశోదమ్మగారు వాదించే మనిషి కాదు. ముందున్న చిక్కుడుకాయల చేటని అతని వైపు కొంచెం జరిపారు. అతను కూర్చుని ఈనెలు తియ్యడం మొదలుపెట్టాక, "మా సునంద తెలుసుగా, నర్సు. వాళ్ళింట్లో జరిగింది చెబుతాను," అన్నారు. ఆవిడ చెప్పింది ఇది.

సునంద భర్త పోయిన మూడేళ్ళకి చక్రధర్‌ని పెళ్ళి చేసుకుంది. అతను ఇళ్ళకి ప్లాన్లు గీసే మనిషి. నెమ్మదస్తుడు, ఒకరి మాట కాదనలేనివాడు. అతనికి అది మొదటి పెళ్ళి. సునందకి తొమ్మిదేళ్ళ కూతురు, ఇందుజ. పెళ్ళయ్యాక తల్లీకూతుళ్ళు నెల్లూరు నుంచి అతనుండే ఊరికి వచ్చేశారు.

ఇందుజ పేచీ పెట్టలేదు. ఏడవలేదు. అతనేం కొనిచ్చినా తీసుకుంది. కానీ అతన్ని ఏ పేరుతోనూ పిలవలేదు. పేరు సంగతి అలా ఉంచితే, అతనితో 'నువ్వు' అని గానీ, 'మీరు' అని గానీ అనకుండా మాట్లాడటం నేర్చుకుంది. "అన్నానికి రమ్మంటోంది అమ్మ." "ఫోను మోగుతోంది." "కాఫీలో పంచదార చాలా అని అడగమంది." ఎన్ని మాటలైనా చెప్పేది, ఒక్కదాంట్లోనూ అతను ఉండేవాడు కాదు. పిల్ల అంత జాగ్రత్తగా మాటలు ఏరుకుంటోందని అతనికి చాలా రోజులకి గానీ తెలియలేదు. తెలిశాక ఆ ఇంట్లో తన గొంతు తనకే ఎక్కువగా వినిపించడం మొదలైంది. సునందతో చెప్పలేదు. చెబితే ఆమె కూతుర్ని కూర్చోబెట్టి నేర్పిస్తుంది. నేర్పిస్తే వచ్చే పిలుపు అతనికి అక్కర్లేదు.

నగరం బయట పెద్ద థీమ్ పార్కు ఉంది, దానికి ఆనుకుని వాళ్ళదే హోటలు. టీవీలో దాన్ని చూసి ఇందుజ ఒకసారి "బాగుంది" అంది. ఆ మాట చక్రధర్ మనసులో పెట్టుకున్నాడు. వేసవి సెలవుల్లో అడిగితే ఒక్క రాత్రికి చెప్పిన రేటు విని ఫోను పెట్టేశాడు. జూన్‌లో బడులు తెరిచాక, వారం మధ్యలో వస్తే సగానికి సగం తగ్గిస్తామన్నారు. పార్కు టికెట్లు కూడా అందులోనే. కాకపోతే ముందుగా బుక్ చెయ్యాలి, కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఇందుజ కొత్త బడిలో చేరడానికి ఇంకా వారం వ్యవధి ఉంది, కుదురుతుందనుకున్నాడు. ముగ్గురికీ బుక్ చేశాడు.

తీరా వెళ్ళే ముందు రోజు కొత్త ఆసుపత్రివాళ్ళు సునందకి సెలవు ఇవ్వలేదు.

"మీరిద్దరూ వెళ్ళిరండి," అంది సునంద.

"ఇద్దరమేనా?" అన్నాడు చక్రధర్. ఆ మాటలో భయం సునందకి వినపడింది. అతను హోటలుకి ఫోను చేసి, ఒక్క రాత్రికి మార్చడం కుదురుతుందా అని అడిగాడు. తగ్గింపు మూడు రాత్రులకేనండీ, అన్నారు అవతల. ఒక్క రోజైతే ఎలాగో గడుస్తుంది. పార్కులో ఆ హోరుకి మాట్లాడుకునే అవసరమే ఉండదు. మూడు రాత్రులు ఆ పిల్లతో ఏం మాట్లాడాలి?

మొదటి రోజు అతను అనుకున్నట్టే గడిచింది. జెయింట్ వీల్ ఎక్కారు, నీళ్ళల్లోకి జారే పడవ ఎక్కారు. రోలర్ కోస్టర్ కిందకి దూకినప్పుడు ఇందుజ అరిచింది, అతనూ అరిచాడు. పిల్ల రెండు చేతులతో ముందున్న కడ్డీ పట్టుకుంది. పక్కనే ఉన్న అతని చెయ్యి పట్టుకోలేదు. సాయంత్రం తల్లితో ఫోనులో, "బాగుంది. అన్నీ ఎక్కాం," అని చెప్పింది. ఆ 'ఎక్కాం'లో తనూ ఉన్నాడు కదా అని అతను సంతోషపడ్డాడు.

మర్నాడు తెల్లవారేసరికి వాన. ఆగి ఆగి కురిసే వాన కాదు, పట్టిన పట్టు వదలని ముసురు. ఆరుబయటి ఆటలన్నీ ఆపేశామని హోటలువాళ్ళు వచ్చి చెప్పారు. ఇందుజ కిటికీ దగ్గర కూర్చుని కదలకుండా నిలిచిపోయిన జెయింట్ వీల్‌ని చూస్తూ ఉండిపోయింది. చక్రధర్ టీవీ పెట్టాడు, తీసేశాడు. ఇడ్లీ తెప్పించాడు. సగం తింది.

"ఇంటికి వెళ్ళిపోతే బాగుండు," అంది ఇందుజ, కిటికీ అద్దంతో చెబుతున్నట్టు.

అతను చిన్నబుచ్చుకున్నాడు. అంతలోనే ప్రాణం తేలికపడింది కూడా. తీసుకెళ్ళిపోతే సరి. పిల్ల అడిగింది, తను తీర్చాడు, అంతే. చొక్కా మార్చుకుని కిందికి వెళ్ళాడు.

రిసెప్షన్‌లో ఉన్నామె అతను చెప్పింది సానుభూతిగానే విన్నది. "వెళ్ళొచ్చు సార్. కానీ ముందే ఖాళీ చేస్తే తగ్గింపు వర్తించదు. ఖాళీ చేసే టైము దాటింది కాబట్టి ఇవాళ్టిదీ కలిపి రెండు రాత్రులకీ మామూలు రేటు పడుతుంది. అంటే మీరు కట్టినదానికన్నా ఎక్కువే అవుతుంది," అంది.

"వానకి మేమేం చేస్తామండీ?"

"మేమూ ఏం చెయ్యలేం సార్, రూలు అలా ఉంది."

అంత డబ్బు అతని దగ్గర లేదు. పైకి వెళ్ళి పిల్లకి ఏదైనా అబద్ధం చెబుదామా, బస్సులు లేవందామా అని మెట్ల మీద ఆలోచించాడు. తలుపు తీసేసరికి ఇందుజ బట్టలు మడిచి సంచీలో పెట్టేసుకుని, జడ తనే వేసుకుని, మంచం అంచున సిద్ధంగా కూర్చుని ఉంది. ఆ వంకర జడని చూశాక అబద్ధం నోట రాలేదు.

"వెళ్ళలేం ఇందూ. ఇప్పుడు వెళ్తే ఎక్కువ డబ్బు కట్టాలట. నా దగ్గర లేదు."

ఇందుజ సంచీ పక్కకి నెట్టింది. చెప్పులు విప్పేసి, గోడవైపు తిరిగి పడుకుంది. అతను కుర్చీలో కూర్చున్నాడు. చెయ్యగలిగిందేమీ లేదు, చూపించడానికి వింత లేదు, వెళ్ళడానికి చోటు లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆ పిల్లకి ఏదో ఒకటి కొనిపెడుతూనో, తెచ్చిస్తూనో ఉన్నాడు. ఉత్త చేతులతో ఆమె దగ్గర కూర్చోవడం అదే మొదటిసారి.

మధ్యాహ్నం భోజనానికి కిందికి వెళ్ళినప్పుడు హాల్లో ఒక మూల క్యారమ్ బోర్డు కనిపించింది. ఇందుజ దాని దగ్గర ఆగింది. అడగలేదు, వేలితో స్ట్రైకర్ని అటూ ఇటూ తోసింది. అతను ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు.

పిల్ల బాగా ఆడుతోంది. అతనూ చిన్నప్పుడు వీధిలో పేరున్న ఆటగాడే. మొదటి ఆట ఆమె గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడో ఆటలో రెడ్ కాయిన్ పాకెట్ అంచున వచ్చి ఆగింది. ఊదితే పడేలా ఉంది. చక్రధర్ గురి చూసి, చెయ్యి కొద్దిగా వంచి, పక్కకి కొట్టాడు.

ఇందుజ స్ట్రైకర్ అందుకోలేదు. తలెత్తి సూటిగా అతని మొహంలోకి చూసింది.

"నువ్వు కావాలనే పోగొట్టావు!"

"లేదమ్మా, చెయ్యి జారి..."

"అబద్ధం! ఇందాకా అలాగే చేశావు. నువ్వు సరిగ్గా ఆడకపోతే నేను ఆడను!"

ముక్కు ఎర్రబడింది, గొంతు హాలంతా వినిపించింది. దూరంగా కాఫీ తాగుతున్న ముసలి దంపతులు ఇటు తిరిగి చూశారు. కోపంలో తన నోట ఏం వచ్చిందో పిల్ల గమనించనేలేదు. అతను మాత్రం కాసేపు బోర్డు వంక చూస్తూ ఉండిపోయాడు. తిడుతోంది, తననే తిడుతోంది.

"సరే. మళ్ళీ పేర్చు," అన్నాడు.

ఈసారి నిజంగా ఆడాడు. చిత్తుగా ఓడించాడు. ఇందుజ కళ్ళల్లో నీళ్ళు నిండాయి. ఊరుకోబెట్టాలని చెయ్యి ముందుకు వచ్చింది గానీ, ఆపుకున్నాడు. పిల్ల మోచేత్తో కళ్ళు తుడుచుకుని, "ఇంకోటి," అంది. దాంట్లోనూ ఓడిపోయింది.

కాయిన్లు పేరుస్తూ, తల దించుకునే, "మా నాన్న కూడా అంతే. ఒక్కసారి కూడా ఊరికే గెలవనిచ్చేవాడు కాదు," అంది.

చనిపోయిన తండ్రి గురించి ఆ పిల్ల అతని ముందు మాట్లాడటం అదే మొదలు. అతను తోచిందే అడిగాడు. "ఎలా కొట్టేవాడు?"

ఇందుజ మధ్యవేలు బొటనవేలితో అదిమిపెట్టి చూపించింది. అతను ప్రయత్నించాడు. రాలేదు. "అలా కాదు, ఇలా," అంటూ బోర్డు చుట్టూ తిరిగి వచ్చి, అతని వేళ్ళు పట్టుకుని వంచింది. ఆ సాయంత్రం వాన చప్పుడులో వాళ్ళిద్దరూ పోయినాయన కొట్టే తీరు సాధన చేస్తూ కూర్చున్నారు. మధ్య మధ్యలో పిల్ల చెప్పుకుంటూ పోయింది. ఆయన ఎండకాలం మేడ మీద బోర్డు వేసేవాడని, పౌడరు ఎక్కువ చల్లితే అమ్మ కేకలేసేదని, తను రెడ్ వేసిన రోజు వీధంతా వినపడేలా ఈల వేశాడని. చక్రధర్ విన్నాడు. మధ్యలో తన సంగతి ఒక్కటీ చెప్పలేదు.

మూడో రోజు ఎండ కాసింది. పార్కు తెరిచారు. ఇందుజ అన్నీ మళ్ళీ ఎక్కింది. మధ్యలో అతని వైపు తిరిగి, "నీకు భయమైతే కిందే ఉండు," అంది. అతనికి నిజంగానే భయమేసింది, కిందే ఉన్నాడు.

ఇల్లు చేరిన పొద్దున సునంద వంటింట్లో ఉంది. ముందు గదిలోంచి కూతురి గొంతు వినిపించింది. "చెప్పులు బయట విడవాలని నీకు ఎన్నిసార్లు చెప్పాలి? ఇల్లంతా బురద చేశావు!" సునంద పొయ్యి కట్టేసి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అవతలి గదిలోంచి, "తప్పయిపోయింది," అన్నాడు చక్రధర్. ఆ గొంతులో అంత సంతోషం ఆమె ఎప్పుడూ వినలేదట.

యశోదమ్మగారు చెప్పడం ఆపారు. ధనుంజయ చేతిలో ఒక చిక్కుడుకాయ ఎంతసేపటి నుంచో అలాగే ఉండిపోయింది. అతను అడిగాడు.

"ఒకవేళ హోటలువాళ్ళు సరే, వెళ్ళండి అని ఉంటే అమ్మా?"

"వెళ్ళిపోయేవాడే," అన్నారు ఆవిడ. "మంచివాడు నాయనా. పిల్ల అడిగితే కాదనలేడు."