బూదవ్వ తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో, పొద్దున అయిదూ పది నిమిషాలకు, ఒక ముసలి ఏనుగు ఎండిన ఏటిలో ఇసుక తవ్వుతోంది. దాని పేరు బూదవ్వ. కిందటి వానాకాలంలో కాలికి దెబ్బ తగిలి అది గుంపు నుంచి వెనకబడింది. గుంపు కొండ దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

వేసవిలో ఆ ఏటిలో నీళ్ళు పైకి కనిపించవు. మోకాలి లోతు గుంట తవ్వితే, ఆ చెలమలో నీళ్ళు ఊరతాయి. తవ్వే బలం బూదవ్వ ఒక్కదానికే ఉంది. నీళ్ళు ఊరగానే పక్కకు జరిగి నిలబడేది. "ముందు నేను తాగితే, ముసలిది తనకోసమే తవ్వుకుంటోంది అనుకుంటారు. రేపటి నుంచి ఎవరూ రారు" అని దాని భయం. రోజు మొత్తంలో దాని చెవిన నాలుగు మాటలు పడేది ఆ కాసేపే.

ముందు జింకలు వచ్చాయి. తాగి, "వస్తాం అవ్వా" అని వెళ్ళిపోయాయి.

తర్వాత అడవిపందులు. పెద్ద పంది మూతి ముంచి, "నిన్నటికన్నా చల్లగా ఉన్నాయి" అంది. అవీ వెళ్ళిపోయాయి.

చివరికి కొండముచ్చులు. ఒకటి నీళ్ళలో చెయ్యి పెట్టి, "ఏం అవ్వా, బురద వస్తోంది. ఇంకో జానెడు తవ్వడానికి బద్ధకమా?" అంది. మిగతావి నవ్వాయి. బూదవ్వ కూడా నవ్వింది. అవీ వెళ్ళిపోయాయి.

అప్పటికి ఎండ ముదిరి ఊట తగ్గింది. బూదవ్వకు మిగిలింది తడి ఇసుక.

దాని కాళ్ళ నీడలో ఒక గోరువంక కూర్చుని ఉంది. అది ఆరేళ్ళు ఒక బడిలో, పదో తరగతి గోడ గడియారం కింద పంజరంలో పెరిగింది. తర్వాత తప్పించుకుని అడవికి వచ్చింది. పాఠాలన్నీ నోటికి వచ్చు. తోటి గోరువంకలు దాన్ని పంతులమ్మా అని ఎగతాళి చేసి దగ్గరికి రానివ్వవు.

పంతులమ్మ ఎగిరి బూదవ్వ పక్కటెముకలకు చెవి ఆనించింది.

"అవ్వా, నీ గుండె నిమిషానికి ముప్పై సార్లు కొట్టుకునేది. ఇవాళ యాభై కొట్టుకుంటోంది."

"నడిచాను కదా."

"ఎక్కడ నడిచావు? నిలబడ్డావు. పాఠం చెబుతాను, విను."

"చెప్పు. నాకు వేరే పనేముంది."

"మనిషి గుండె వాడి పిడికిలంత ఉంటుంది. నాలుగు గదులు. ఒళ్ళంతా తిరిగిన రక్తం కుడివైపు పై గదికి వస్తుంది. కింది గది దాన్ని ఊపిరితిత్తులకు పంపుతుంది. అక్కడ మంచి గాలి అందుకుని ఎడమ పై గదికి చేరుతుంది. ఎడమ కింది గది గోడ బాగా మందం. అదే రక్తాన్ని కాలివేళ్ళ దాకా తోస్తుంది. తలుపులన్నీ ఒకవైపే తెరుచుకుంటాయి. పోయిన రక్తం వెనక్కి రాదు."

"రాదా?" అంది బూదవ్వ. దానికి గుంపు గుర్తొచ్చింది.

"వెళ్ళిన తలుపున రాదు. చుట్టూ తిరిగి వస్తుంది. నీ గుండె కూడా అంతే, కాకపోతే పెద్దది. సరే, అందరికీ రక్తం పంచే గుండె తన వాటా ఎప్పుడు తీసుకుంటుంది?"

"అందరి తర్వాత."

"సున్నా మార్కులు. రక్తం పెద్ద నాళంలో అడుగు పెట్టగానే రెండు సన్నని కొమ్మలు చీలి గుండెకే వస్తాయి. మెదడుకన్నా ముందు, కాళ్ళకన్నా ముందు. గదుల నిండా రక్తమున్నా సరే, ఆ కొమ్మలు మూసుకుపోతే గుండె ఆగిపోతుంది."

"గుండెను వదిలి ఎవరూ పోరు పిల్లా. నన్నయితే పోతారు."

మర్నాడు తవ్వుతూ తవ్వుతూ బూదవ్వ ముందుకాళ్ళ మీద కూలబడింది. నీళ్ళు ఊరాయి. జింకలు వచ్చి నిలబడ్డాయి. బూదవ్వ పక్కకు జరగబోయి ఆగింది. ఎవరి వైపూ చూడకుండా తొండం ముంచి, మూడు తొండాల నీళ్ళు తాగింది. అప్పుడు లేచి జరిగింది.

జింకలు తాగి, "వస్తాం అవ్వా" అని వెళ్ళిపోయాయి. రేపు వస్తాయో రావో అని ఆ రోజంతా బూదవ్వ అవి వెళ్ళిన దారి వైపే చూస్తూ గడిపింది. మర్నాడు ఎప్పటి వేళకే జింకలు వచ్చాయి. పందులూ, కొండముచ్చులూ వచ్చాయి.

వారం తర్వాత పెద్ద పంది ఒంటరిగా కనిపిస్తే బూదవ్వ అడిగింది. "నేను ముందు తాగుతున్నానని మీలో మీరు ఏమనుకున్నారు?"

"అనుకోవడానికేముంది అవ్వా? తవ్విన ఏనుగే ముందు తాగుతుందని మా అమ్మ ఎప్పుడో చెప్పింది. నువ్వు పక్కకు జరుగుతుంటే, మేం రాకముందే తాగేశావనుకున్నాం" అంది పంది.

నీతి: పదిమందికి పంచేవాళ్ళు తమ వాటా ముందు తీసుకోవాలి, తమ దాహాన్ని దాచుకుంటే పక్కనున్నవాళ్ళకు కూడా తెలియదు.