ముందు బోయీ కేక

కొండవరం రాజు మల్లభూపతికి ఒకరోజు భోజనం మధ్యలో అనుమానం వచ్చింది. తన మంత్రులు నెలకు ఇరవై రోజులు పల్లకీల్లో తిరుగుతున్నారు. ఎక్కడికి పోతున్నారు? ఎవరిని కలుస్తున్నారు? వెంటేసుకు తిరిగే సలహాదారులకు జీతాలు దేనికి?

చెయ్యి కడుక్కోకముందే ఆజ్ఞ ఇచ్చాడు. ఇకనుంచి ప్రతి పున్నమికీ మంత్రులు ఈ మూడు సంగతులూ చీటీ మీద రాసుకొచ్చి, జనం ముందు కొలువులో చదవాలి.

తొలి పున్నమికి కొలువు కిటకిటలాడింది. మహామంత్రి తిరువేంగళప్ప లేచి, ఉత్తరీయం సర్దుకుని చదివాడు.

"రాచకార్యం మీద ప్రయాణం చేశాము. పలువురు పెద్దలను కలిశాము. దారి పొడుగునా సలహాలు చెప్పినందుకు మా సలహాదారు అనంతప్పకు తగిన జీతం ఇచ్చాము."

అంతే, చీటీ మడిచేశాడు. అనంతప్ప ఎవరో కాదు, ఆయన బావమరిదే.

ఎక్కడికి ప్రయాణమని రాజు అడిగాడు. మెట్టసీమలో ఎండిన చెరువులు చూడటానికి అన్నాడు మంత్రి. ఎవరా పెద్దలంటే రైతులన్నాడు. జీతమెంతంటే తగినంత అన్నాడు.

గుమ్మం దగ్గర పల్లకీ పక్కన నిలబడ్డ పోలయ్యకు ఒళ్ళు మండింది. మంత్రి పల్లకీకి ముందు బోయీ అతనే. ముప్పై ఏళ్ళు మోసి మోసి భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. ఆ ప్రయాణం ఎక్కడికో అతనికి తెలుసు. తిరుగుదారిలో పల్లకీలోని మాటలు చెవిన పడ్డాయి గనక దాని ఫలితం ఏమిటో కూడా తెలుసు. ఇంకాసేపట్లో మంత్రి రెండో కాగితం తీస్తాడు. ఏటి రేవును ఓడల వర్తకుడు ముత్తయ్యకు గుత్తకిమ్మని రాజు చేత ముద్ర వేయిస్తాడు.

అది పోలయ్య ఊరి రేవు. కూరల తట్టలెత్తుకుని సంతకు పోయే ఆడవాళ్ళూ, నొప్పులు పడుతున్న కోడల్ని అవతలి ఒడ్డు మంత్రసాని దగ్గరకు తీసుకుపోయే అత్తలూ ఇవాళ ఊరి పడవలో ఊరికే దాటుతున్నారు. రేపటినుంచి ముత్తయ్య మనిషి అడ్డంగా నిలబడి చెయ్యి చాపుతాడు.

చెప్పేద్దామంటే ఒట్టు అడ్డం. కొలువులో చేరేనాడు ప్రతి బోయీ పల్లకీ బొంగు పట్టుకుని, ఎవరిని మోశానో, ఎక్కడికి మోశానో చెప్పనని ఒట్టేస్తాడు. ఒట్టు తప్పినవాడి భుజానికి మళ్ళీ బొంగు దొరకదు. పెద్దవాళ్ళు ఇలాంటి ఏర్పాట్లు మాత్రం ఎంతో ముందుచూపుతో చేసుకుంటారు.

రాజుకు ఆ చీటీ రుచించలేదు. అందులో దాగింది ఏదైనా ఉంటే బయటపెట్టినవాడికి కోరింది ఇస్తానన్నాడు.

తిరువేంగళప్ప అక్కడ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు.

"వేరేవాళ్ళెందుకు ప్రభూ? నన్ను మోసిన బోయీలనే అడగండి. ఏరా పోలిగా, చెప్పరా."

పోలయ్య ముందుకొచ్చి దండం పెట్టాడు.

"చెప్పకూడదని ఒట్టుంది మహారాజా. మోయకూడదని లేదు."

రాజుకు అర్థం కాలేదు. పోలయ్య వివరించాడు. వెనక బోయీలకు దారి కనపడదు, ముందువాడి వీపే కనపడుతుంది. రాయి వస్తే రాయని, గుంట వస్తే గుంటని ముందు బోయీ కేకేస్తేనే వాళ్ళు అడుగు వేస్తారు. అయ్యగార్లిద్దరూ మళ్ళీ ఎక్కితే ఆనాటి ప్రయాణాన్ని ఆనాటి కేకలతోనే ఈ ముంగిట్లో తిప్పి చూపిస్తాడు. మనిషి పేరెత్తడు, ఊరి పేరూ ఎత్తడు.

మంత్రి మొహం మాడింది. రాచకార్యపు దారి రహస్యమనీ, పదిమందిలో పెట్టేది కాదనీ అన్నాడు.

"నేను కేకేసింది నడివీధిలోనే గదా బాబయ్యా. అప్పుడే కుక్కలు కూడా విన్నాయి."

రాజుకు సరదా పుట్టి ఎక్కమన్నాడు. బావాబావమరుదులు ఎక్కారు. బోయీలు ఎత్తుకున్నారు.

"ఇసుక, ఇసుక. కాలు దిగుద్ది."

"ఇసుక, ఇసుక" అని వెనకవాళ్ళు అందుకున్నారు.

"నీళ్ళు, మోకాలి లోతు. బొంగెత్తు."

ఎండిన చెరువుల సీమలో ఇన్ని నీళ్ళెక్కడివని జనంలో ఎవరో గొణిగారు.

"లోపల గురక. కుదపకు, కుదపకు."

దారి పొడుగునా సలహాలు చెప్పిన అనంతప్ప పల్లకీ తెర లాక్కున్నాడు. కొలువు కిసుక్కుమంది.

"పాలరాతి మెట్లు, ఏడు. జారుడు."

రాజు సింహాసనం మీద నుంచి లేచాడు. కోట కాక ఏడు పాలరాతి మెట్లున్న ఇల్లు ఆ రాజ్యంలో ఒక్కటే ఉంది. ముత్తయ్య గృహప్రవేశానికి తానే వెళ్ళి, ఆ మెట్లు చూసి కుళ్ళుకుంటూ ఇంటికొచ్చాడు.

పోలయ్య వెనక్కి తిరిగాడు.

"తిరుగుదారి. పెట్టె ఎక్కింది. బరువు, బరువు. భుజం మార్చు."

కొలువు గొల్లుమంది. పెట్టెలో ఏముందని రాజు అడిగాడు. రైతులు ప్రేమతో ఇచ్చిన మామిడిపళ్ళని తెరలోంచి మంత్రి గొంతు సన్నగా వినిపించింది.

"అడుగడుక్కీ గలగలమన్నాయి బాబయ్యా. పచ్చివి కాబోలు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే పల్లకీ దగ్గరకు వచ్చి, చెయ్యి చాపి, మంత్రి వేలికున్న అధికార ముద్రుంగరం లాగేసుకున్నాడు. అనంతప్ప జీతం ఆ గురకతోనే సరి అన్నాడు. తన చేతి బంగారు కడియం పోలయ్యకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు.

తమ ఊరి రేవును ఎవరికీ గుత్తకివ్వొద్దని పోలయ్య కోరాడు. రాజు మంత్రి దగ్గరున్న గుత్త కాగితం బయటికి తీయించి అందరి ముందూ నాలుగు ముక్కలు చేశాడు. రేవు ఎప్పటికీ ఊరిదేనన్నాడు. వచ్చే పున్నమినుంచి మంత్రి చీటీ కన్నా ముందు బోయీ కేకలు వినాలన్నాడు.

"ఇక దింపు పోలయ్యా."

పోలయ్య బొంగు సర్దుకుని వెనక్కి కేకేశాడు.

"పదవి దిగింది. తేలిక, తేలిక."

ఈసారి ఆ కేకను కొలువంతా అందుకుంది.