నిలువురాయి నెత్తిన తొండ

ఇంతవరకూ ఎవరికీ పైకి చెప్పలేదు గానీ, రాతి మీద తొండ తలూపితే నేనూ తిరిగి తలూపుతాను. ఎందుకంటారా? వినండి.

ఒకప్పుడు తొండకి తలూపడమే తెలీదు. మెడ కట్టెలా బిగించుకుని ఒక పొడవాటి రాయి నీడలో పడుకునేది. ఆ రాయి కూడా పడుకునే ఉండేది. ఇద్దరూ మంచి నేస్తాలు.

ఒకనాడు సింగి అనే అమ్మాయి ఊరివాళ్లని వెంటబెట్టుకొచ్చింది.

"రాయితాతా, మా అమ్మని ఆ దిబ్బ దగ్గర పూడ్చాం. వానలొస్తే గడ్డి మొలిచి చోటు తెలీకుండా పోతుంది. నువ్వొచ్చి అక్కడ నిలబడవా?"

"నిలబడటమా! పుట్టాక ఒక్కసారైనా లేవలేదే తల్లీ. పడ్డానంటే మీరంతా పచ్చడే!"

తొండ పకపకా నవ్వింది. "ఓయ్ బద్ధకం తాతా! నేను నీ నెత్తినే కూర్చుంటా. నువ్వు నిటారుగా ఉన్నావంటే తలూపుతా. సరేనా?"

"మాట తప్పవుగా?"

"తప్పితే నా తోక ఊడిపోనీ!"

ఊరివాళ్లు దుంగలు పరిచి, వాటి మీదుగా రాయిని దొర్లించుకొచ్చారు. గుంత తవ్వారు. ఒక గోడ నిలువుగా, ఎదురుగోడ ఏటవాలుగా. రాయి కాలు ఆ ఏటవాలు మీద జర్రున జారి గుంతలో దిగింది. అవతలి నుంచి తాళ్లు లాగారు.

"ఐలెస్సా! ఐలెస్సా!"

రాయి లేచింది, లేచింది... ఊగింది!

"పడిపోతున్నానే తొండా!"

"లేదు లేదు! సింగీ, ఇటువైపు కూరు, తొందరగా!"

సింగి గుంతలోకి రాళ్లు కూరింది. అందరూ మట్టి పోసి ధనధనా తొక్కారు. తాళ్లు వదిలారు. అందరూ తలెత్తి తొండ వైపు చూశారు.

"నిలబడ్డానా?" అని గొణిగింది రాయి.

తొండ కిందికీ మీదికీ తలూపింది. సింగి పరుగెత్తుకొచ్చి రాయిని వాటేసుకుంది.

వానలొచ్చాయి. గడ్డి సింగి నడుం దాకా పెరిగింది. అమ్మ ఉన్న చోటు మాత్రం ఎంత దూరం నుంచైనా కనబడుతూనే ఉంది.

రాయికి భయం పోలేదు పాపం. గాలి వీస్తే చాలు, "నిలబడే ఉన్నానా?" అంటుంది. అప్పటినుంచే తొండ రాయెక్కి కూర్చుని, ఊ ఊ అని తలూపుతూ ఉంటుంది.

మా చెల్లి హాస్టల్లో చేరి వారమైంది. "ఉండగలనా అక్కా?" అంది వెళ్తూ వెళ్తూ. పలకరిస్తే ఏడుస్తుందేమోనని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. అంత పెద్ద రాయికే తలూపేవాళ్లు కావాల్సొచ్చారు.

ఉండండి, దానికి ఫోన్ చేస్తాను.