వెలగచెట్టెక్కిన మంకెన

అనగనగా, వానలు ముఖం చాటేసిన ఒక అడవిలో కొండముచ్చుల మంద ఒకటి ఉండేది. దానికి పెద్ద భూపతి. ఏ పండు తినాలో, ఏది తినకూడదో ఆయనే చెప్పేవాడు. కంటికి నచ్చిందే నోటికీ నచ్చుతుందని ఆయన నమ్మకం. కాస్త గరుకుగా ఉన్నా, మచ్చ కనబడినా పారేయమనేవాడు.

ఆ మందలో మంకెన అనే పిల్లతల్లి ఉంది. ఆ ఏడు తిండి చాలక దాని పాలు తగ్గిపోయాయి. చంకలో పిల్ల ఏడ్చి ఏడ్చి నీరసపడిపోయింది.

దగ్గర్లోనే ఒక వెలగచెట్టు ఉంది. దాని పళ్ళు బూడిదరంగులో, గరుకుగా, రాళ్ళలా ఉండేవి. ఒకటి కోసుకుంటానని మంకెన అడిగింది. భూపతి వద్దన్నాడు. మర్నాడు మళ్ళీ అడిగింది. కసురుకున్నాడు. మూడోనాడు మంకెన అడగలేదు. అందరూ చూస్తుండగానే చెట్టెక్కింది.

"దిగు. అది తింటే మందలో నీకు చోటు లేదు," అన్నాడు భూపతి.

"మీరు ఎప్పుడైనా దీన్ని రుచి చూశారా, పెద్దయ్యా?"

"చూడక్కర్లేదు. ఎలాంటిదో కనబడుతూనే ఉంది."

"నా బిడ్డ ఆకలి కూడా కనబడుతూనే ఉంది. నేను తింటాను," అంది మంకెన.

ఒక పండు తెంపి కింద బండ మీదికి విసిరింది. పెంకు పగిలింది. దిగివచ్చి నాకి చూస్తే, గుజ్జు తియ్యగా, కాస్త పుల్లగా ఉంది. అది తినేలోగా మంద వెళ్ళిపోయింది. ఒంటరిగా మిగిలేసరికి మంకెన బిడ్డను గట్టిగా పొదువుకుంది. అయినా ఎవరినీ వెనక్కి పిలవలేదు.

మందకు ఎండిన వాగు ఇసుకలో పాపర పళ్ళు దొరికాయి. పచ్చగా, గుండ్రంగా, నున్నగా మెరిసిపోతున్నాయి. భూపతి మురిసిపోయి తనే అందరికీ పంచాడు. నోట్లో పెట్టుకుంటే చేదు విషం. ఆకలికి మింగినవాళ్ళు కడుపు పట్టుకుని ఇసుకలో దొర్లారు.

రెండు రోజులకు అందరూ ఈడ్చుకుంటూ వెలగచెట్టు దగ్గరికి వచ్చారు. మంకెన పిల్ల కొమ్మ మీద గంతులేస్తోంది. మంకెన అందరికీ పళ్ళు పగలగొట్టి పెట్టింది. భూపతికీ పెట్టింది.

కడుపు నిండాక ఆయన లేచి, "ఇకనుంచి గరుకు పళ్ళే తినాలి. నున్నటివి ఎవరూ ముట్టకూడదు," అని ప్రకటించాడు.

"ఆ మాటా నేను వినను," అంది మంకెన. ఇంకో వెలగపండు ఆయన ముందే పగలగొట్టింది. లోపలంతా కుళ్ళు, పురుగులు. "ఇదీ గరుకుదే. తింటారా? పగలగొట్టాలి, వాసన చూడాలి, కొద్దిగా నాకి చూడాలి. అప్పుడే చెప్పాలి."

భూపతి ఆ పురుగుల కేసి చూశాడు. తర్వాత వంగి ఒక పండు తీసుకున్నాడు. తన చేత్తో పగలగొట్టి, వాసన చూసి, నాలుక చివర ఆనించాడు. అప్పుడుగానీ బాగుందని అనలేదు.

నీతి: పైతొడుగు చూసి లోపలి రుచి తేల్చకూడదు, అలా తేల్చి శాసించేవారు ఎంత పెద్దవారైనా, వారిని ఎదురు ప్రశ్నించడానికి వెనుకాడకూడదు.