బల్లి పలికిన సత్యం

చిట్టడవి అంచున రేకుల కొట్టంలో కాపురముండే గేదె కాటమ్మకు ఆ ఎండాకాలం స్విచ్చులు ఆపడమే పనైపోయింది. అయినా కరెంటు బిల్లు దిగదే! ఈ నెలా కట్టకపోతే కనెక్షన్ పీకేస్తానని లైన్‌మన్ వడ్రంగిపిట్ట చెప్పిపోయింది. కరెంటు లేకపోతే మోటారు లేదు, మడుగులో నీళ్లు లేవు. నీళ్లు లేని వేసవంటే గేదెకు చావే.

“ఏమయ్యా, ఆ ఫ్యానన్నా ఆపు,” అంది మొగుడితో. దున్నపోతు మీద వాన కురిసినట్టే. చెవి కూడా కదపలేదు.

గతిలేక పక్క బొరియలోని నక్కను సలహా అడిగింది.

“పొదుపు తెలియని కొంప చెల్లెమ్మా నీది,” అంది నక్క. “ఫ్యానెందుకు? తోక లేదూ, విసురుకో. నన్ను చూడు, ఆముదం దీపంతో బతకడం లేదూ?”

మీటరు పక్కన గోడ మీద బల్లి టిక్కుటిక్కుమంది.

“చూశావా, బల్లి పలికింది. నా మాట సత్యం.”

“బల్లే పలికాక ఇంకేముందే,” అంది దున్న, కళ్లు తెరవకుండానే.

కాటమ్మ ఫ్యాన్ ఆపేసింది, మోటారు తగ్గించింది. తోకతో విసురుకుంటూ మూడు వారాలు ఉడికింది. ఒక మిట్టమధ్యాహ్నం విసుగెత్తి, ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసి మీటరు ముందు చతికిలబడింది. కరెంటు ఖర్చవుతోందని చెప్పే ఎర్ర లైటు మిణుకుతూనే ఉంది!

“ఏమే బల్లీ, ఆ రోజు సాక్ష్యం చెప్పింది నువ్వేగా?”

“సాక్ష్యమా నా మొహమా! నవ్వొచ్చి నవ్వాను తల్లీ. నేను నవ్వినా మీకు సత్యమే. మీటరు వెనక చూడు.”

చూసింది. సన్నటి తీగొకటి గోడ దిగి, ఆకుల కింద నుంచి నక్క బొరియలోకి పోయింది.

అరిచే ఓపిక లేదు కాటమ్మకు. వడ్రంగిపిట్టను పిలిచి, “స్తంభం మీద ఫ్యూజు ఒక్కసారి పీకు నాయనా,” అంది.

పీకీ పీకగానే బొరియలోంచి కేక. “ఎవర్రా నా కూలర్ ఆపింది?”

నక్క చెమటలు కక్కుతూ బయటికొచ్చింది. ఎదురుగా వడ్రంగిపిట్ట.

“ఆముదం దీపానికి కూలరేంటన్నా?” అంది కాటమ్మ. “తోక లేదూ, విసురుకో.”

గోడ మీద బల్లి టిక్కుటిక్కుమంది.

వడ్రంగిపిట్ట ఆ తీగ తెంచి, ఫ్యూజు మళ్లీ పెట్టి, పాత బాకీ నక్క నెత్తిన రాసింది. కాటమ్మ మోటారు వేసుకుని, మొగుణ్ణి లేపకుండానే మడుగులో మునిగింది.

ఇంట్లో దీపం ఆర్పే ముందు, తీగ ఎవరింటికి పోతోందో చూసుకో.