పోలమ్మ నడుం నొప్పి

సాయంత్రం చివరి రోగి వెళ్ళాక వేదాద్రి గారు ఆసుపత్రి వరండాలో కాసేపు ఊరికే కూర్చునేవారు. ఆ వేళ ఆయన్ని ఎవరూ పలకరించేవారు కాదు. ఒకరోజు మాత్రం ఆయన దగ్గర వైద్యం నేర్చుకుంటున్న హరిణి ఉండబట్టలేక అడిగింది.

"గురువుగారూ, వచ్చినవాళ్ళే మళ్ళీ వస్తున్నారు. అవే నడుములు, అవే భుజాలు. మందులకు తగ్గవు, ఆపరేషన్లకు పోవు. తగ్గని నొప్పికి వైద్యుడు ఏం చేయాలండీ? నాకు విసుగొస్తోంది, అలసటగా ఉంది."

"నాకూ ఉందమ్మా," అన్నారాయన.

మర్నాడు పోలమ్మ వచ్చింది. షెడ్డులో తడి నేల మీద పొద్దస్తమానం నిలబడి రొయ్యలు ఒలిచే మనిషి. ఏళ్ళ తరబడి నడుం నొప్పి. ఆసుపత్రికి రావడం మానేసి చాలా నెలలైంది. ఇప్పుడు ముఖం ఉబ్బి ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. అడిగితే, నిలబడే ఓపిక కోసం ఊళ్ళో ఎవరిచేతనో సూదులు వేయించుకుంటున్నానని చెప్పింది.

హరిణికి కోపం వచ్చింది. "అవి స్టెరాయిడ్ సూదులు, ప్రాణం మీదికి తెస్తాయి. పని మానేయమని అప్పుడే చెప్పాను కదా!"

"చెప్పారండి," అంది పోలమ్మ. "అందుకే మళ్ళీ రాలేదు."

వేదాద్రి గారు తన కుర్చీ పోలమ్మ దగ్గరికి జరుపుకున్నారు.

"నొప్పి పూర్తిగా పోతుందని చెప్పలేను పోలమ్మా. నీకేం కావాలో చెప్పు."

ఆమె తల వంచుకునే చెప్పింది. "కాసేపు కూర్చుని ఒలిచే వీలుంటే చాలు బాబుగారూ. పని సాగడం లేదని నన్ను చివరి బల్లకి నెట్టేశారు. అక్కడ మాటాడే మనిషి లేదు. ఒళ్ళు దాచుకుంటున్నానని మావాళ్ళే అంటన్నారు. ఇది నిజంగా నొప్పేనని ఎవరన్నా చెబితే బాగుణ్ణండి."

ఆ మధ్యాహ్నం ఎండలో ఆయన హరిణిని వెంటబెట్టుకుని షెడ్డుకు వెళ్ళారు. అందరూ వింటుండగా అక్కడ పని చేయించే మేస్త్రీతో అన్నారు: "ఈమెది నిజమైన నొప్పి. ఎత్తుపీట ఒకటి వేయించి పాత చోటికి పంపండి."

"ఒకరికి వేస్తే అందరూ అడుగుతారండి."

"అడగనివ్వండి," అంటూ ఆయన గుమ్మంలోనే చతికిలబడ్డారు. రొయ్యల పొట్టు మోసుకెళ్ళేవాళ్ళు ఆయన్ని దాటుకుంటూ తిరిగారు. పొద్దువాలాక మేస్త్రీ గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. సూదులు మెల్లమెల్లగా మాన్పించే బాధ్యత హరిణి మీద పడింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు పోలమ్మ ఎప్పటిలాగే ఆసుపత్రికి వచ్చింది. వాపు చాలావరకు తీసింది.

"నొప్పి ఎలా ఉంది?" అంది హరిణి.

"ఉందండి. రాత్రిళ్ళు మరీనూ." పోలమ్మే మళ్ళీ అంది: "మా ఆడబిడ్డ పక్కనే కూర్చుంటన్నానండి ఇప్పుడు. కబుర్లు చెప్పుకుంటా ఒలుత్తున్నాం. సోమవారం మళ్ళీ వత్తాను."

నడుం పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే హరిణి చూస్తూ నిలబడింది.

"నొప్పి తగ్గలేదు. మరి మనం తగ్గించింది ఏమిటండీ?"

వేదాద్రి గారు కళ్ళు మూసుకునే బదులిచ్చారు.

"సోమవారం వస్తుందిగా. ఆమెనే అడుగు."